న్యూ మెక్సికో జెండాను చట్టంలోని కొలతలతో గీయడం ఎలా

అమెరికాలోని యాభై రాష్ట్రాల జెండాలలో చాలావాటిని చేతితో గీయడం అయ్యే పని కాదు. నీలి గుడ్డ మీద రాష్ట్ర ముద్ర, ఆ ముద్రలో మనుషులు, నాగళ్లు, కొండలు, వాటి చుట్టూ సన్నని అక్షరాలు ఉంటాయి. నాలుగు అడుగులు వెనక్కి వేసి చూస్తే ఏది ఏ రాష్ట్రానిదో చెప్పలేం. నైరుతి మూలనున్న న్యూ మెక్సికో జెండా ఇందుకు పూర్తిగా భిన్నమైనది. పసుపు నేల మీద ఎర్రని సూర్యుడు తప్ప అందులో ఇంకేమీ ఉండదు. అమెరికా, కెనడాలకు చెందిన 72 ప్రాంతీయ జెండాల మీద ఉత్తర అమెరికా జెండాల అధ్యయన సంఘం 2001లో అభిప్రాయ సేకరణ జరిపినప్పుడు మొదటి స్థానం దీనికే దక్కింది. స్కేలు, వృత్తలేఖిని, రెండు రంగులు ఉంటే బడి పిల్లలు కూడా దీనిని గీయగలరు. అయితే సుమారుగా గీయడం వేరు, చట్టం చెప్పినట్లు గీయడం వేరు. దుకాణాలలో అమ్మే వస్తువుల మీద కూడా కిరణాల పొడవు తప్పిన సూర్యుళ్లు కనిపిస్తూనే ఉంటాయి. అల్బుకర్కీలోనో శాంటా ఫేలోనో ఉంటూ పిల్లల బడి ప్రాజెక్టు కోసం దీనిని గీయించవలసిన తెలుగు తల్లిదండ్రులకూ, జెండాల రూపకల్పన మీద ఆసక్తి ఉన్నవారికీ ఉపయోగపడేలా ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

చట్టం ఏం చెబుతోంది

ఈ జెండాను రాష్ట్ర శాసనసభ 1925లో ఆమోదించింది. చట్టంలోని వర్ణన ఒక పేరాకు మించదు, కానీ గీయడానికి కావలసిన నిష్పత్తులు దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయి. జెండా వెడల్పు దాని పొడవులో మూడింట రెండు వంతులు ఉండాలి. నడుమనున్న సూర్యుని గుర్తు జెండా పొడవులో మూడో వంతు ఉండాలి. ఆ గుర్తులో నాలుగు కిరణాల గుంపులు ఒకదానికొకటి లంబంగా ఉండాలి. ఒక్కో గుంపులో నాలుగేసి కిరణాలు ఉండి, లోపలి రెండూ బయటి రెండింటి కంటే ఐదో వంతు పొడవు ఎక్కువగా ఉండాలి. మధ్యనున్న వృత్తం వ్యాసం మొత్తం గుర్తు వెడల్పులో మూడో వంతు ఉండాలి. రంగులు పాత స్పెయిన్‌కు చెందిన ఎరుపు, పసుపు.

కిరణాల మందం ఎంత, వాటి మధ్య ఖాళీ ఎంత, వృత్తపు గీత ఎంత లావుగా ఉండాలి అన్నవి ఈ వర్ణనలో లేవు. వాటిని గీసేవారే నిర్ణయించుకోవాలి. అందుకే రెండు జెండాలు చట్టం ప్రకారం సరిగ్గా ఉంటూనే చూడటానికి కొంచెం తేడాగా ఉండవచ్చు.

పెన్సిల్ పని

మొదట పొడవును ఎంచుకోవాలి. ఏ అంకె తీసుకున్నా నిష్పత్తులు కుదురుతాయి కానీ, దానిని మూడుతో భాగించి, వచ్చినదానిని మళ్లీ మూడుతో భాగించి, ఆ పైన ఐదో వంతు లెక్క కట్టవలసి ఉంటుంది కనుక, చిన్న పిల్లలకు దశాంశాలు తగలకుండా చూసుకోవడం మంచిది. ఏ4 కాగితానికి సరిపోయే అంకె 27 సెంటీమీటర్లు. అప్పుడు వెడల్పు 18, సూర్యుని గుర్తు 9, వృత్తం వ్యాసం 3 సెంటీమీటర్లు అవుతాయి. గుర్తులోంచి వృత్తాన్ని తీసివేస్తే మిగిలే 6 సెంటీమీటర్లను రెండు వైపులకూ పంచగా లోపలి కిరణం పొడవు 3, బయటి కిరణం పొడవు రెండున్నర సెంటీమీటర్లు వస్తాయి. ఇవే కొలతలను నాలుగు రెట్లు చేస్తే 108 సెంటీమీటర్ల పొడవైన గుడ్డ జెండా కూడా ఒక్క భిన్నం లేకుండా వస్తుంది.

కాగితాన్ని అడ్డంగా పెట్టి, ఎడమ కుడి వైపుల సుమారు 1.35 సెంటీమీటర్లు, పైనా కిందా ఒకటిన్నర సెంటీమీటర్లు వదిలి 27 × 18 దీర్ఘచతురస్రాన్ని గీయాలి. రెండు కర్ణాలను చాలా పలచగా గీస్తే అవి కలిసే చోటు కేంద్రం. అక్కడి నుంచి ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత మూలమట్టం సాయంతో గీయాలి. ఈ రెండు అక్షాలూ సరిగ్గా లంబంగా లేకపోతే తరువాత ఎంత జాగ్రత్తగా కొలిచినా సూర్యుడు ఒక పక్కకు ఒరిగినట్లే కనిపిస్తాడు కాబట్టి ఈ దశలో తొందర పనికిరాదు.

కేంద్రం మీద వృత్తలేఖిని ముల్లు ఉంచి ఒకటిన్నర సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం, అదే కేంద్రం నుంచి 1.2 సెంటీమీటర్లతో మరొక వృత్తం గీయాలి. ఈ రెండింటి మధ్యనున్న 3 మిల్లీమీటర్ల పట్టీ మాత్రమే ఎర్రగా ఉంటుంది. లోపలి భాగం పసుపుగానే మిగులుతుంది. సూర్యుడు అనగానే నిండు ఎరుపు బిళ్ల వేసేయడం చాలామంది చేసే పొరపాటు.

ఇక కిరణాలు. నా సలహా ఏమిటంటే కిరణానికి 3 మిల్లీమీటర్ల మందం, రెండు కిరణాల నడుమ 2 మిల్లీమీటర్ల ఖాళీ ఇవ్వడం. నిలువు అక్షానికి ఇరువైపులా 1, 4, 6, 9 మిల్లీమీటర్ల దూరంలో సమాంతర గీతలు గీస్తే, 1 నుంచి 4 వరకు లోపలి కిరణం, 4 నుంచి 6 వరకు ఖాళీ, 6 నుంచి 9 వరకు బయటి కిరణం అవుతాయి. అక్షం మీద కిరణం రాకూడదు. అక్కడ ఖాళీ ఉండాలి. నడిమి గీత మీదే మొదటి కిరణం వేసినవారికి చివరికి మూడో ఐదో కిరణాలు తేలుతాయి. అడ్డ అక్షానికి కూడా ఇదే పద్ధతిలో గీతలు గీయాలి. ఈ కొలతలతో పక్కపక్క గుంపుల మధ్య వృత్తం మీద సుమారు 4 మిల్లీమీటర్ల చోటు మిగులుతుంది. కిరణాలను ఇంకా లావు చేస్తే ఆ చోటు మూసుకుపోయి నాలుగు గుంపులూ ఒకదానినొకటి ఒరుసుకుంటాయి.

ఇప్పుడు కిరణాల కొనలు గుర్తించాలి. లోపలి కిరణం కొన కేంద్రం నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఇందులో చిక్కేమీ లేదు. బయటి కిరణం దగ్గరే రెండు తప్పులు పొంచి ఉంటాయి. మొదటిది లెక్కలో జరిగేది: లోపలిది బయటిదాని కంటే ఐదో వంతు ఎక్కువ అంటే, బయటిది లోపలిదాని కంటే ఐదో వంతు తక్కువ అని అర్థం కాదు. మూడు సెంటీమీటర్లలోంచి ఐదో వంతు తీసేస్తే 2.4 వస్తుంది; రెండున్నరకు ఐదో వంతు కలిపితేనే మూడు అవుతుంది. కాగితం మీద ఇది ఒక్క మిల్లీమీటరే, పెద్ద గుడ్డ మీద నాలుగు మిల్లీమీటర్లు.

రెండో తప్పు వృత్తం వంపు వల్ల జరుగుతుంది. లోపలి కిరణం దాదాపు వృత్తం నడినెత్తి మీద నిలబడుతుంది. బయటి కిరణం పక్కకు జరిగి ఉంటుంది కనుక, వంపు మీద కొంచెం దిగువన, నిలువుగా కొలిస్తే కేంద్రానికి 1.3 సెంటీమీటర్ల ఎత్తులో మొదలవుతుంది. అందువల్ల దాని కొన 1.3కు రెండున్నర కలిపిన చోట, అంటే 3.8 సెంటీమీటర్ల వద్ద రావాలి. వంపును పట్టించుకోకుండా ఒకటిన్నరకు రెండున్నర కలిపి 4 సెంటీమీటర్ల వద్ద కొన పెట్టినవారి కిరణం చెప్పినదాని కంటే 2 మిల్లీమీటర్లు పొడుగై, లోపలి కిరణానికీ దానికీ తేడా తగ్గిపోయి, సూర్యుడు మొండిగా కనిపిస్తాడు. ఎక్కడి నుంచి కొలవాలో చట్టం చెప్పలేదు. కిరణం పొడవు అంటే కంటికి కనిపించే కిరణం పొడవే అని నేను తీసుకుంటాను. ఎవరు ఏ పద్ధతి ఎంచుకున్నా నాలుగు గుంపులకూ అదే పాటించడం ముఖ్యం.

కొనలను గుండ్రంగా చేయకుండా, మొన తేల్చకుండా, చదరంగా ఉంచాలి. పదహారు కిరణాలూ పూర్తయ్యాక కర్ణాలను, అక్షాలను, అవసరం లేని సమాంతర గీతలను తుడిచివేయాలి.

రంగులు

చట్టంలో రంగుకు సంఖ్యలేవీ లేవు, పాత స్పెయిన్ పేరు మాత్రమే ఉంది. లెమన్ ఎల్లో వాడితే పసుపులో ఆకుపచ్చ ఛాయ తొంగి చూస్తుంది. బంగారు ఛాయ గల ముదురు పసుపు తీసుకోవాలి. ఎరుపు నారింజ వైపు మొగ్గకుండా కొంచెం ముదురుగా ఉండాలి. పోస్టర్ రంగులతో వేసేటప్పుడు ముందు పసుపు వేసి, అది ఎర్ర గీతల అంచు మీదికి ఒక వెంట్రుకవాసి ఎక్కేలా చూసుకుని, పూర్తిగా ఆరిన తరువాత ఎరుపు వేయాలి. ముందు ఎరుపు వేస్తే దాని మీద పడిన పసుపు నారింజ మరకగా మిగిలిపోతుంది.

ఈ రెండు రంగులను చూడగానే మనకు పసుపు కుంకుమలు గుర్తుకు రావడం సహజం. పొరుగున కర్ణాటకలో కన్నడిగులు ఎగరవేసే పసుపు ఎరుపు జెండాకు అచ్చంగా ఆ అర్థమే చెబుతారు కూడా. న్యూ మెక్సికో జెండాకు ఆ అర్థాన్ని అంటగట్టకూడదు. అక్కడి పసుపు ఎరుపులు స్పెయిన్ రాజ్యానివి. 1598లో హువాన్ దె ఒన్యాతె నాయకత్వంలో స్పానిష్ వలసదారులు రియో గ్రాందె నది వెంట వచ్చి స్థిరపడటంతో మొదలైన పాలనకు గుర్తు. పిల్లలు బడిలో జెండా గురించి వివరించవలసి వస్తే ఈ ముక్క స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే సూర్యుని గుర్తు స్పెయిన్‌ది కాదు.

గుర్తు ఎవరిది, అర్థం ఏమిటి

ఆ సూర్యుడు జియా ప్యూబ్లో ప్రజలది. ప్యూబ్లోలు అంటే స్పానిష్‌వారు రాకముందు నుంచీ అక్కడ ఊళ్లు కట్టుకుని ఉంటున్న మూలవాసులు. అల్బుకర్కీకి వాయవ్యంగా, హేమెస్ నది ఒడ్డున ఉన్న చిన్న గ్రామం జియా. అక్కడివారు కెరెస్ భాష మాట్లాడతారు. వారి విశ్వాసంలో నాలుగు పవిత్రమైన సంఖ్య. సృష్టికర్త ఇచ్చిన వరాలన్నీ నాలుగేసిగా అందుతాయని వారు భావిస్తారు. నాలుగు దిక్కులు, నాలుగు రుతువులు, ఉదయం మధ్యాహ్నం సాయంత్రం రాత్రి అనే నాలుగు వేళలు, బాల్యం యౌవనం నడివయసు వార్ధక్యం అనే నాలుగు దశలు ఆ నాలుగు కిరణాల గుంపులలో ఉన్నాయని చెబుతారు. బలమైన శరీరం, తేటయైన మనసు, నిర్మలమైన ఆత్మ, తోటివారి మేలు కోరే గుణం అనే నాలుగు బాధ్యతలు మనిషి మీద ఉన్నాయన్న భావం కూడా దీనితో ముడిపడి ఉంది. వీటన్నింటినీ మొదలూ తుదీ లేని వృత్తం ఒక్కటిగా కడుతుంది. ఆరు రుతువులు లెక్కపెట్టే మనవాళ్లు జాబితాను తమకు అలవాటైనట్లు సర్దుబాటు చేయకుండా ఉన్నది ఉన్నట్లు రాయాలని నా మనవి.

ఆ గుర్తు జెండా మీదికి వచ్చిన తీరు తెలుసుకోకుండా బొమ్మ కింద వివరణ రాస్తే అది సగమే అవుతుంది. న్యూ మెక్సికో 1912 జనవరి 6న 47వ రాష్ట్రమైంది. రాల్ఫ్ ఎమర్సన్ ట్విచెల్ 1915లో రూపొందించిన మొదటి జెండా నీలి గుడ్డ మీద రాష్ట్రం పేరు, రాష్ట్ర ముద్ర, 47 అంకె, ఒక మూలన చిన్న అమెరికా జెండాతో గజిబిజిగా ఉండేది. దానిని మార్చాలని ఒక మహిళా సంఘం పట్టుపట్టగా 1920లలో పోటీ నిర్వహించారు. అందులో గెలిచినవారు శాంటా ఫేకు చెందిన డాక్టర్ హ్యారీ మేరా. ఆయన వైద్యుడు, పురావస్తు పరిశోధకుడు కూడా. శాంటా ఫే మ్యూజియంలోని 19వ శతాబ్దపు జియా కుండ మీద చూసిన సూర్యుణ్ణి ఆయన తీసుకున్నారు. ఆయన భార్య రీబా జెండాను కుట్టి ఇచ్చారు. 1925 మార్చిలో గవర్నర్ ఆర్థర్ హానెట్ సంతకంతో అది రాష్ట్ర జెండా అయింది. ప్రాచీన జియా సూర్యుని గుర్తు అని చట్టంలో పేరు పెట్టి మరీ రాశారు. కిరణం పొడవులో ఐదో వంతు దగ్గర చూపిన శ్రద్ధ జియా ప్రజల సమ్మతి అడగడంలో మాత్రం చూపలేదు.

దీనికి వెనుక ఇంకొక కథ ఉంది. 1680లో ప్యూబ్లో ప్రజలు కలిసి తిరగబడి స్పానిష్ పాలకులను తరిమివేశారు. మళ్లీ స్వాధీనం చేసుకోవడానికి వచ్చిన గవర్నర్ క్రుసాతె 1689లో జియా మీద దాడి చేశాడు. ఆ దాడిలో సుమారు 600 మంది జియా ప్రజలు చనిపోయారు, ఊరు ధ్వంసమైంది. ఆ ఊరి సూర్యుణ్ణి ఆ స్పెయిన్ రంగులలోనే చిత్రించిన జెండా ఇది. రాష్ట్రం అధికారికంగా చెప్పించే జెండా వందనంలో జియా గుర్తును కలిసిమెలిసిన సంస్కృతుల మధ్య పరిపూర్ణ స్నేహానికి చిహ్నంగా పేర్కొంటారు. జెండాను మెచ్చుకోవడానికి ఈ చరిత్ర అడ్డు కాదని నేననుకుంటాను, కానీ స్నేహం అన్న మాటను దీనిని విడిచి రాస్తే అది ప్రచార కరపత్రంలా ఉంటుంది.

గుడ్డ మీద చేయాలనుకుంటే

108 × 72 సెంటీమీటర్ల జెండాకు అన్ని కొలతలూ నాలుగు రెట్లు చేయాలి. గుర్తు 36, వృత్తం వ్యాసం 12, లోపలి కిరణం 12, బయటి కిరణం 10 సెంటీమీటర్లు. కిరణం మందం 12, ఖాళీ 8, వృత్తపు పట్టీ 12 మిల్లీమీటర్లు. అంచు మడత కోసం చుట్టూ రెండేసి సెంటీమీటర్లు, కర్ర వైపు తాడు దూర్చే పట్టీ కోసం మరికొంత గుడ్డ అదనంగా ఉంచి కత్తిరించాలి. కేంద్రాన్ని గుర్తించేటప్పుడు మాత్రం ఈ అదనపు గుడ్డను లెక్కలోకి తీసుకోకూడదు. మొత్తం గుడ్డను నాలుగు మడతలు పెట్టి కేంద్రం పట్టుకుంటే సూర్యుడు కర్ర వైపు జరిగిపోతాడు.

ఎర్ర గుడ్డతో కిరణాలను విడివిడిగా కత్తిరించి అతికించడం కంటే, గుర్తునంతా ఒకే ముక్కగా కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని ఎర్ర గుడ్డ మీద గుండుసూదులతో నిలిపి ఒకే ముక్కగా కత్తిరించుకుంటే కిరణాల మధ్య ఖాళీలు చెదరవు. అయితే ఒక వైపే కుడితే వెనుక నుంచి సూర్యుడు కనిపించడు. రెండు వైపులా కనిపించాలంటే ఎర్ర గుడ్డ అంచులను దగ్గరగా కుట్టిన తరువాత వెనుక వైపున్న పసుపు గుడ్డను కుట్టు లోపలి వరకు జాగ్రత్తగా కత్తిరించి తీసివేయాలి. ఈ జెండా కుట్టేవారికి ఒక సౌకర్యం ఉంది: గుర్తు నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది కనుక వెనుక నుంచి చూసినా, తిరగేసి ఎగరవేసినా రూపు మారదు. అక్షరాలున్న జెండాలకు ఈ సుఖం లేదు.

ఎక్కడ వాడవచ్చు

రాష్ట్రానికి ప్రాతినిధ్యం వహించే సందర్భాలలోనే కాక, తగినదని తోచిన సందర్భంలో పౌరులెవరైనా ఈ జెండాను వాడుకోవచ్చని చట్టమే చెబుతోంది. న్యూ మెక్సికోలో ఆ చనువు బాగా కనిపిస్తుంది. వాహనాల నంబరు పలకల మీద, టోపీల మీద, బేకరీ సంచుల మీద ఈ సూర్యుడు ఉంటాడు. 1966లో శాంటా ఫేలో నిర్మించిన శాసనసభ భవనం కూడా పై నుంచి చూస్తే ఈ గుర్తు ఆకారంలోనే, నాలుగు వైపులా ద్వారాలతో గుండ్రంగా ఉంటుంది. బడి ప్రాజెక్టుకో ఇంటి గోడకో గీసుకునేవారు ఎవరినీ అడగనవసరం లేదు.

వ్యాపారం సంగతి వేరు. రాష్ట్రాల జెండాలను, చిహ్నాలను ట్రేడ్‌మార్కుగా నమోదు చేయడానికి అమెరికా చట్టం ఒప్పుకోదు; కానీ వస్తువుల మీద ముద్రించుకోవడాన్ని ఆపడం లేదు. ఈ పద్ధతి మీద జియా ప్రజలు 1990ల నుంచి గట్టిగా అభ్యంతరం చెబుతున్నారు. తమ పవిత్ర చిహ్నాన్ని అడగకుండా వాడినందుకు 1925 నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల చొప్పున పరిహారం ఇవ్వాలని రాష్ట్రాన్ని కోరారు. ఆ సొమ్ము వారికి అందలేదు. 2000లో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఒక విమానం మీద న్యూ మెక్సికో జెండాను చిత్రించే ముందు జియా పెద్దలను కలిసి సమ్మతి తీసుకుంది, వారి విద్యార్థుల నిధికి విరాళం ఇచ్చింది. చట్టం బలవంతపెట్టకపోయినా పాటించగలిగిన మర్యాద ఇది.

కాబట్టి తెలుగు సంఘం ఉత్సవానికి అచ్చు వేయించే టీ షర్టు మీద గానీ, అమ్మకానికి పెట్టే వస్తువు మీద గానీ ఈ సూర్యుణ్ణి వేయదలచినవారు ముందుగా జియా ప్యూబ్లో పాలక కార్యాలయానికి ఉత్తరం రాసి, బొమ్మ నమూనాను జతచేసి, ఎన్ని ప్రతులు, ఏ అవసరానికి అన్నది తెలియజేసి సమ్మతి కోరాలి. బొమ్మ కింద డిజైన్ చేసినవారి పేరు ఒక్కటే వేయకుండా, ఇది జియా ప్యూబ్లో సూర్య చిహ్నం అని ఒక వరుస చేర్చాలి. జవాబు రాకపోతే జెండాలోని సూర్యుణ్ణి పక్కనపెట్టి వేరే బొమ్మ ఎంచుకోవాలి. రాష్ట్ర పుష్పమైన యక్కా పువ్వును వాడుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.